రోడ్డు మీద తిరుగుతున్న మానసిక రోగిని ఆస్పత్రిలో చేర్చాలంటే కోర్టు ఆర్డర్ కావాలా?

మీరు అడిగింది ఇదీ. మీ టౌన్ బస్టాండ్ వెనక కొన్ని నెలలుగా ఒకావిడ ఉంటోంది. వయసు నలభై లోపే. తనలో తను మాట్లాడుకుంటుంది, జుట్టు జడలు కట్టేసింది, కాలికి పుండు పడింది. టీకొట్టు వాళ్లు ఏదైనా పెడితే తింటుంది, లేకపోతే పస్తే. ఆమె భాష ఎవరికీ అర్థం కావడం లేదు. మీరు స్టేషన్‌కి వెళ్తే "కోర్టు ఆర్డర్ తెండి, విశాఖ మెంటల్ ఆస్పత్రికి పంపిద్దాం" అన్నారు. ఏరియా ఆస్పత్రిలో "అటెండెంట్ ఎవరు, ఆధార్ ఏదీ" అని అడిగారు. ఊళ్లో ఉన్న ఆశ్రమం వాళ్లు మతిస్థిమితం లేనివాళ్లను తీసుకోమన్నారు. మనమే ఆటో ఎక్కించి తీసుకెళ్తే రేపు మన మీద కేసు పెడతారేమోనని మీ స్నేహితులు భయపడుతున్నారు.

ముందు సూటిగా జవాబు. కోర్టు ఆర్డర్ అక్కర్లేదు. ఆధార్ లేదని, అటెండెంట్ లేరని వైద్యం ఆపడానికి వీల్లేదు. ఆమెను ఆస్పత్రికి చేర్చే బాధ్యత చట్టప్రకారం ఆ స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారిది. వాళ్లు మీకు సాయం చేస్తున్నట్టు కాదు, అది వాళ్ల డ్యూటీ. నేను సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా ఇలాంటి కేసుల్లోనే ఎక్కువ కాలం పనిచేశాను. ఆమెను లోపలికి చేర్చడం కష్టమే గానీ, అసలు కష్టం ఆమె కోలుకున్నాక మొదలవుతుంది. కాబట్టి రెండింటి గురించీ రాస్తాను. రెండో దాని గురించి ఎవరూ అడగరు, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను.

స్టేషన్‌లో కోర్టు ఆర్డర్ మాట ఎందుకొచ్చిందో తెలిస్తే మీకు మాట్లాడటం తేలికవుతుంది. 1987 నాటి మెంటల్ హెల్త్ యాక్ట్‌లో ఇలా తిరుగుతున్న వారిని పోలీసులు 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాల్సి ఉండేది, మేజిస్ట్రేటు 'రిసెప్షన్ ఆర్డర్' (చేర్చుకోమనే ఆదేశం) ఇస్తేనే మెంటల్ ఆస్పత్రిలో చేర్చుకునేవాళ్లు. అంతకు ముందు 1912 నాటి లూనసీ చట్టంలోనూ దాదాపు ఇదే పద్ధతి. పాత హెడ్ కానిస్టేబుళ్లు కొత్తవాళ్లకు నేర్పింది అదే. ఆ చట్టం పోయింది. దాని స్థానంలో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో పాసై, 2018లో అమల్లోకి వచ్చింది. స్టేషన్‌లో అలవాటు మాత్రం పాతదే నడుస్తోంది. చాలాచోట్ల వాళ్లు కావాలని తిప్పించుకోవడం లేదు, నిజంగానే తెలియదు. సెక్షన్ కాపీ తీసుకెళ్లి మర్యాదగా టేబుల్ మీద పెడితే మాట మారిన స్టేషన్లు నేను చూశాను.

మీకు కావలసింది ఆ చట్టంలో 100వ సెక్షన్. తన స్టేషన్ పరిధిలో తిరుగుతున్న మనిషికి మానసిక వ్యాధి ఉందని, తనను తాను చూసుకోలేని స్థితిలో ఉందని నమ్మడానికి కారణం కనిపిస్తే ఆ అధికారి ఆమెను సంరక్షణలోకి తీసుకోవాలి. ఎందుకు తీసుకుంటున్నారో ఆమెకు చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రికి తీసుకెళ్లాలి. లాకప్‌లో గానీ జైల్లో గానీ ఉంచకూడదు. నేరం చేయని మానసిక రోగులను జైల్లో పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని సుప్రీంకోర్టు షీలా బర్సే కేసులో 1993లోనే చెప్పింది. అంటే ఇది కొత్త మాట కాదు.

'దగ్గరలోని ప్రభుత్వ ఆస్పత్రి' అన్నది గమనించండి. చట్టం విశాఖ అనలేదు, ఎర్రగడ్డ అనలేదు. మెంటల్ ఆస్పత్రి అని కూడా అనలేదు. మీ ఏరియా ఆస్పత్రి చాలు. అక్కడ మెడికల్ ఆఫీసరే పరీక్షకు ఏర్పాటు చేయాలి. తమ దగ్గర సైకియాట్రిస్టు లేకపోతే జిల్లా ఆస్పత్రికో, సైకియాట్రీ విభాగం ఉన్న బోధనాస్పత్రికో వాళ్లే రిఫర్ చేసి పంపాలి. విశాఖ దూరం, ఎస్కార్ట్ లేదు, బండికి డీజిల్ లేదు అనే మాటలన్నీ ఇక్కడితో ఆగిపోతాయి. ముందు మామూలు ఆస్పత్రికి వెళ్లడం వైద్యపరంగా కూడా మంచిదే. పొంతన లేకుండా మాట్లాడే ప్రతి మనిషికీ మానసిక వ్యాధే ఉండాలని లేదు. తలకు దెబ్బ తగిలినా, షుగర్ పడిపోయినా, ఇన్ఫెక్షన్ ముదిరినా, తాగుడు ఒక్కసారిగా ఆగినా మనిషి అలాగే మాట్లాడుతుంది. మీరు చెప్పిన కాలి పుండు చిన్న విషయం కాదు. షుగర్, రక్తహీనత, జ్వరం చూడమని, గర్భం ఉందేమో పరీక్షించమని మీరే అడగండి. రోడ్డు మీద రాత్రుళ్లు ఒంటరిగా ఉన్న ఆడమనిషి విషయంలో ఈ మాట అడగడానికి మొహమాటపడకూడదు. ఆమె మీద లైంగిక దాడి జరిగిందన్న అనుమానం డాక్టరుకు వస్తే అది వేరే కేసు. దాన్ని పోలీసులు విడిగా నమోదు చేయాలి. 181కి ఫోన్ చేస్తే సఖి కేంద్రం వాళ్లు కూడా వస్తారు.

ఇప్పుడు పని ఎలా నడిపించాలో చెప్తాను. నోటిమాటతో వెళ్లకండి. తెల్ల కాగితం మీద తెలుగులోనే అర్జీ రాయండి. ఎప్పటి నుంచి ఉంటోంది, సరిగ్గా ఎక్కడ ఉంటోంది, మీరు కళ్లతో చూసింది ఏమిటి, ఇవి చాలు. "మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 సెక్షన్ 100 ప్రకారం ఈమెను సంరక్షణలోకి తీసుకుని ప్రభుత్వ ఆస్పత్రిలో పరీక్ష చేయించవలసిందిగా, అదే సెక్షన్‌లోని 7వ సబ్‌సెక్షన్ ప్రకారం మిస్సింగ్ ఎఫ్ఐఆర్ నమోదు చేయవలసిందిగా కోరుతున్నాను" అన్న వాక్యం తప్పకుండా ఉండాలి. "న్యూసెన్స్ చేస్తోంది", "పిచ్చిది", "పిల్లలు భయపడుతున్నారు" లాంటివి రాయవద్దు. న్యూసెన్స్ అని రాస్తే వాళ్లు న్యూసెన్స్‌నే తొలగిస్తారు. రాత్రిపూట బండెక్కించి పక్క ఊరి పొలిమేరలో దించి వస్తారు. ఇలా దించేసిన మనుషులను నేను ఆస్పత్రిలో కలిశాను. ఒక ఊళ్లో కనీసం టీకొట్టు ఆయన మొహం తెలిసి ఉంటుంది, కొత్త ఊళ్లో అదీ ఉండదు. అర్జీకి రెండు కాపీలు తీసి, ఒకదాని మీద స్టేషన్ ముద్ర వేయించుకోండి. జనరల్ డైరీలో (స్టేషన్‌లో రోజువారీ విషయాలు రాసే రిజిస్టరు) ఎంట్రీ చేయమని, ఆ నంబరు ఇవ్వమని అడగండి.

తీసుకోకపోతే అదే అర్జీని జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ఇవ్వండి. జిల్లా కోర్టు ఆవరణలోనే వాళ్ల ఆఫీసు ఉంటుంది, ఫోన్ నంబరు 15100. మానసిక రోగులకు ఉచిత న్యాయ సహాయం ఇదే చట్టంలోని 27వ సెక్షన్ ఇచ్చిన హక్కు. ఆ కార్యదర్శి కూడా ఒక జడ్జే కాబట్టి ఆయన ఆఫీసు నుంచి స్టేషన్‌కి ఫోన్ వెళ్తే పని కదులుతుంది. నా అనుభవంలో అన్నిటికన్నా త్వరగా పనిచేసిన దారి ఇదే. ఎస్పీ ఆఫీసు, కలెక్టరు గ్రీవెన్స్, పత్రికలో వార్త ఇవన్నీ దీని తర్వాతే. ఇవేవీ కుదరకపోతే మేజిస్ట్రేటు దారి ఇంకా ఉంది. 102వ సెక్షన్ కింద పరీక్షకు పంపమని, అవసరమైతే పది రోజులకు మించకుండా మెంటల్ ఆస్పత్రిలో ఉంచి పరీక్షించమని ఆయన ఆదేశించవచ్చు. ఇది చివరి దారి. ఇది లేనిదే కదలం అనడం మాత్రం తప్పు.

మీరే ఆటోలో తీసుకెళ్తే కేసవుతుందా అని అడిగారు. స్పృహ తప్పి పడిపోయినా, ఒంటి మీద నిప్పంటించుకోబోయినా, రోడ్డుకు అడ్డం పరుగెత్తుతున్నా ఎవరి పర్మిషన్ కోసమూ ఆగకండి. 108కో 112కో ఫోన్ చేయండి, లేదా మీరే తీసుకెళ్లండి. ప్రాణాపాయం ఉన్నప్పుడు ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటల వరకు అత్యవసర వైద్యం చేయవచ్చని 94వ సెక్షన్ చెబుతోంది. అంత ఎమర్జెన్సీ లేనప్పుడు మాత్రం పోలీసులతో కలిసి వెళ్లమనే నా సలహా. కేసు భయం వల్ల కాదు. పోలీసులు లేకుండా చేర్పిస్తే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ పుట్టదు. అది పుట్టకపోతే ఆమె ఇంటివాళ్లను వెతికే బాధ్యత ఎవరి మీదా ఉండదు.

ఆమెను కదిలించే రోజు గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎక్కువ తప్పులు జరిగేది అక్కడే. ముందు రెండు మూడు రోజులు మీలో ఒకరే, వీలైతే ఆడవాళ్లు, వెళ్లి కాస్త దూరంగా కూర్చోండి. టీ ఇవ్వండి, గ్లాసు చేతికివ్వకుండా పక్కన పెట్టండి. మీద చెయ్యి వేయకండి. పోలీసులు వచ్చే రోజు మఫ్టీలో మహిళా కానిస్టేబుల్‌ను పంపమని అడగండి. పదిమంది చుట్టూ చేరి సెల్‌ఫోన్లలో వీడియో తీస్తుంటే ఎవరైనా బెదిరిపోతారు, ఆమెకు ఇంకా ఎక్కువ. "మీ ఇంటికి తీసుకెళ్తున్నాం" అని అబద్ధం చెప్పి ఎక్కించవద్దు. ఆ అబద్ధం ఆమెకు గుర్తుంటుంది. తర్వాత మాత్ర ఇచ్చే నర్సును కూడా నమ్మదు. "కాలికి కట్టు కట్టిద్దాం" అనండి, అది నిజమే. కాళ్లూ చేతులూ కట్టేయడం వద్దే వద్దు. ఏ రూపంలోనైనా గొలుసులతో కట్టడాన్ని ఈ చట్టం 95వ సెక్షన్‌లో పూర్తిగా నిషేధించింది.

ఆమె దగ్గర ఒక మూట ఉండే ఉంటుంది. దాన్ని ఎవరూ పారేయకుండా చూడండి. మనకు చెత్తగా కనిపించేది ఆమెకు ఆస్తి. వెతికేవాళ్లకు అందులోనే ఆధారం దొరుకుతుంది. పాత రైలు టికెట్, మందుల చీటీ, ప్లాస్టిక్ కవర్ మీద బట్టల షాపు పేరు, ఏదైనా ఉండొచ్చు. మూటను ఒక సంచిలో వేసి ఆమెతోపాటే ఆస్పత్రికి పంపి, రిజిస్టర్లో రాయించండి. స్నానం చేయించే వంకతో గుండు గీసేయడం కొన్ని చోట్ల అలవాటు. బలవంతంగా గుండు చేయించకూడదని 20వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. జడలు కట్టిన చోట, పేలు పడిన చోట అడిగి కత్తిరించవచ్చు. ఓపిక ఉన్న ఆయాలు అలాగే చేస్తారు.

ఆస్పత్రిలో అటెండెంట్ గొడవ తప్పదు. చట్టంలో దీనికి 'నామినేటెడ్ రిప్రజెంటేటివ్' అనే ఏర్పాటు ఉంది. రోగి తరఫున సంతకం పెట్టే ప్రతినిధి. బంధువులు లేకపోతే మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు (రోగుల హక్కులు చూడటానికి ఈ చట్టం కింద పెట్టిన బోర్డు) తగిన మనిషిని నియమిస్తుంది. ఎవరూ దొరకకపోతే సాంఘిక సంక్షేమ శాఖ డైరెక్టరు గానీ ఆయన పంపిన అధికారి గానీ ఆ స్థానంలో ఉండాలి. ఆ నియామకం అయ్యేదాకా ఈ రంగంలో పనిచేసే రిజిస్టర్డ్ సంస్థ ప్రతినిధి తాత్కాలికంగా ఉండేలా డాక్టరే ఏర్పాటు చేసుకోవచ్చు. ఇది 14వ సెక్షన్. కాబట్టి అటెండెంట్ లేరన్న మాటకు మీ జవాబు: "చట్టం ప్రకారం బోర్డుకు రాయండి, ఈలోపు ఫలానా సంస్థ ఉంటుంది." జిల్లాలో అలాంటి సంస్థ ఏదో ముందే కనుక్కుని పెట్టుకోండి. ఇక డబ్బు విషయం. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, కార్డు ఉన్నా లేకున్నా, నిరాశ్రయులకు ప్రభుత్వ ఆస్పత్రుల్లో మానసిక వైద్యం పూర్తిగా ఉచితమని 18వ సెక్షన్ చెబుతోంది. మందులు బయట కొనమని చీటీ రాస్తే ఆ చీటీ కూడా దాచండి. ఫిర్యాదుకు పనికొస్తుంది.

చేర్చుకున్నాక ఆమె ఒప్పుకునే స్థితిలో లేకపోతే ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి 30 రోజుల వరకు ఉంచవచ్చు. వాళ్లలో ఒకరు సైకియాట్రిస్టు అయి ఉండాలి. ఆడమనిషిని ఇలా చేర్చుకుంటే మూడు రోజుల్లోగా బోర్డుకు తెలియజేయాలి. బోర్డులు అన్నిచోట్లా చురుగ్గా లేవు, అది నిజం. అయినా ఆ కాగితం వెళ్లేలా పట్టుబట్టండి. ఆ కాగితం లేని మనిషి వార్డులో ఏళ్ల తరబడి ఉండిపోయే ప్రమాదం ఉంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. రోడ్డు మీద ఉన్న ప్రతి మానసిక రోగినీ ఎత్తుకెళ్లి చేర్పించమని ఈ చట్టం చెప్పలేదు. మానసిక వ్యాధి ఉన్న మనిషికి కూడా తన వైద్యం గురించి తాను నిర్ణయించుకునే సామర్థ్యం ఉంటుందన్న నమ్మకంతోనే ఈ చట్టం మొదలవుతుంది. తనను తాను చూసుకోలేకపోవడం, లేదా తనకో ఇతరులకో ప్రమాదం కావడం, ఇవి ఉంటేనే పోలీసులు కదలాలి. గుడి మెట్ల మీద కూర్చుని తనలో తను మాట్లాడుకుంటూ, అడుక్కుని వేళకి తిని పడుకునే ముసలాయనకు కావలసింది ఒక షెల్టరు, వారానికోసారి పలకరించే డాక్టరు. నగరాల్లో లక్ష జనాభాకు కనీసం వంద మంది పట్టే ఒక షెల్టరు ఉండాలని కేంద్రప్రభుత్వ పట్టణ జీవనోపాధి మిషన్ నిబంధనలు చెప్పాయి. 2017 నవంబరులో అంతర్జాతీయ సదస్సుకు ముందు హైదరాబాద్ రోడ్ల మీది యాచకులను చర్లపల్లి, చంచల్‌గూడ జైళ్ల ఆవరణల్లోకి తరలించారు. వీధి శుభ్రంగా కనబడాలన్నదే ఉద్దేశమైతే అక్కడ వైద్యం జరగదు. మీరు రాసిన పద్ధతి చూస్తే మీ ఆరాటం ఆమె కోసమేనని అర్థమవుతోంది. పుండు, తిండి, మాట, ఇవన్నీ చూస్తే ఆమె కేసు కచ్చితంగా 100వ సెక్షన్ కిందికే వస్తుంది.

ఇక రెండో సగం. మందులు మొదలయ్యాక చాలామందిలో కొన్ని వారాల్లోనే మార్పు కనిపిస్తుంది. ముందు నిద్ర పడుతుంది, తర్వాత ఆకలి తెలుస్తుంది. పేరు చెప్పడానికి ఇంకొంత కాలం పట్టొచ్చు. ఊరు చెప్పేసరికి ఇంకా ఆలస్యం కావచ్చు. చెప్పినా ఏళ్ల కిందటి జ్ఞాపకం కాబట్టి ముక్కలు ముక్కలుగా వస్తుంది. మద్రాసు, హౌరా, ఢిల్లీ వైపు లైన్లన్నీ విజయవాడ మీదుగా పోతాయి కాబట్టి ఎక్కడెక్కడి మనుషులో మన జిల్లాల్లో దిగిపోతారు. మీరు చెప్పినావిడ భాష ఎవరికీ అర్థం కావడం లేదంటే ఆమె కూడా అలా వచ్చి ఉండొచ్చు.

ఒక కేసు చెప్తాను, వెతకడం ఎలా ఉంటుందో తెలియడానికి. ఒక ఆస్పత్రి వార్డులో ఒకావిడ ఎన్నో వారాలు నోరు విప్పలేదు. కేస్ షీటులో 'అన్‌నోన్ ఫిమేల్' అనే ఉండేది. ఎడమ ముంజేతి లోపలివైపు పచ్చబొట్టు ఉంది. పాతది, ఆకుపచ్చ నలుపులోకి తిరిగి చెదిరిపోయింది. వరసగా గుండ్రటి బొమ్మలు. అందరూ పూల డిజైన్ అనుకున్నారు. వార్డులో కొత్తగా చేరిన అటెండరు ఇచ్ఛాపురం మనిషి, చిన్నప్పుడు ఒడియా చదువుకున్నాడు. కట్టు మారుస్తుండగా చెయ్యి పట్టుకుని చూసి, అవి ఒడియా అక్షరాలు, ఒక మగమనిషి పేరు అన్నాడు. ఆ పేరు పైకి చదవగానే ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుని కొంగుతో కప్పుకుంది. అప్పటిదాకా ఆమె దేనికీ అలా స్పందించలేదు. ఆ రోజు నుంచి ఆయన ఒడియాలోనే పలకరించేవాడు. ఊరి పేరు రాలేదు, కానీ చిలికా సరస్సు, బాలుగావ్ స్టేషన్, చేపల సంత అని వచ్చాయి. ఆ ప్రాంతపు స్టేషన్‌కి ఫొటో, పచ్చబొట్టు వివరం వెళ్లాయి. వాళ్ల దగ్గర ఆమె తమ్ముడు ఎప్పుడో ఇచ్చిన మిస్సింగ్ కంప్లయింటు ఉంది. ఇక్కడ ఎఫ్ఐఆర్ లేకపోతే అక్కడి స్టేషన్ మా ఫోనుకు జవాబే ఇచ్చేది కాదు. ఒక రాష్ట్రం స్టేషన్ ఇంకో రాష్ట్రం స్టేషన్‌ను అడగాలంటే నంబరు కావాలి.

అందుకే 100వ సెక్షన్‌లోని ఆ ఏడో సబ్‌సెక్షన్ గురించి నేను ఇంతగా చెప్తున్నాను. నిరాశ్రయ మానసిక రోగి దొరికితే మిస్సింగ్ ఎఫ్ఐఆర్ నమోదు చేయాలి, కుటుంబాన్ని వెతికి సమాచారం ఇవ్వడం ఎస్‌హెచ్‌ఓ (స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి) డ్యూటీ అని అది చెబుతోంది. పోలీసులు ఎక్కువగా వదిలేసేది ఈ సబ్‌సెక్షన్‌నే. ఆస్పత్రిలో దించి రసీదు తీసుకోగానే పని అయిపోయిందనుకుంటారు. మీరు ఆ ఎఫ్ఐఆర్ కాపీ సంపాదించండి. ఇంకో దారి ఆధార్. కోలుకున్నాక ఆమెకు ఆధార్ కోసం వేలిముద్రలు ఇప్పిస్తే, పాత ఆధార్ ఉంటే కొత్తది రిజెక్ట్ అవుతుంది. అలా పాత వివరాలు బయటపడి ఇల్లు చేరినవాళ్లు దేశంలో చాలామంది ఉన్నారు. ఆమె ఫొటోను వాట్సాప్ గ్రూపుల్లోకి, యూట్యూబ్ చానెళ్లకు మాత్రం ఇవ్వకండి. చికిత్సలో ఉన్న మనిషి ఫొటోను అనుమతి లేకుండా మీడియాకు ఇవ్వకూడదని 24వ సెక్షన్ చెబుతోంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, జడలు కట్టిన జుట్టుతో ఉన్న ఆ వీడియోను రేపు ఆమె కూతురి అత్తింటివాళ్లు చూస్తారు.

ఇల్లు దొరికినంత మాత్రాన తలుపు తెరుచుకోదు. ఇది మీరు ముందే తెలుసుకోవాలి. భర్త మళ్లీ పెళ్లి చేసుకుని ఉండొచ్చు. అన్నదమ్ములు ఆమె వాటా పొలం పంచేసుకుని ఉండొచ్చు. చెల్లెలి పెళ్లి కుదిరే టైములో వద్దనొచ్చు. మేం ఫోన్ చేస్తే "ఆమె చనిపోయిందని దినాలు కూడా చేసేశాం" అన్నవాళ్లున్నారు. వాళ్లను తిట్టి లాభం లేదు. చాలామంది ఏళ్ల తరబడి మంత్రాలు, దర్గాలు, అప్పులు అన్నీ చూసి అలిసిపోయినవాళ్లు. వాళ్లకు చెప్పాల్సింది మూడు విషయాలు. జబ్బు పేరు, మందు ఖర్చు లేదన్న సంగతి, నెలనెలా ఎక్కడికి వెళ్లాలో. మాత్రలు మర్చిపోతుంటే రెండు నుంచి నాలుగు వారాలకోసారి వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి. సదరం క్యాంపులో (ప్రభుత్వం వైకల్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే చోటు) మానసిక వైకల్యానికి 40 శాతం సర్టిఫికెట్ వస్తే పింఛను వస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వికలాంగుల పింఛను 6,000 రూపాయలు, తెలంగాణలో 4,016 రూపాయలు. ఆ డబ్బుతో ఆమె ఇంట్లో ఎవరికీ భారం కాదని తెలిశాక మాట మెత్తబడ్డ కుటుంబాలను చూశాను. అందులో తప్పేమీ లేదు, పేదరికం అంటే అదే. ఎంత చెప్పినా వద్దంటే, ఇంట్లో ఉండే హక్కు ఆమెకు ఉందని 19వ సెక్షన్ చెబుతోంది. ఆ హక్కు సాధించుకోవడానికి న్యాయ సహాయం ప్రభుత్వమే ఇవ్వాలి.

ఇల్లే లేనప్పుడు ఏం చేయాలి? నా దృష్టిలో మన రాష్ట్రాలు అన్నిటికన్నా వెనకబడింది ఇక్కడే. జబ్బు తగ్గినా వెళ్లే చోటు లేక మానసిక ఆస్పత్రుల్లోనే ఉండిపోయినవాళ్ల కోసం పునరావాస గృహాలు పెట్టమని సుప్రీంకోర్టు 2017 జూలైలో గౌరవ్ కుమార్ బన్సల్ కేసులో చెప్పింది. హాఫ్ వే హోములు (ఆస్పత్రికీ ఇంటికీ మధ్య కొంతకాలం ఉండే చోట్లు), గ్రూప్ హోములు (కొందరు కలిసి ఉండే ఇళ్లు) ప్రభుత్వమే ఏర్పాటు చేయాలని చట్టంలోనూ ఉంది. చేసి చూపించినవాళ్లూ ఉన్నారు. చెన్నైలో 1993లో ఇద్దరు యువతులు, వందనా గోపికుమార్, వైష్ణవి జయకుమార్, మొదలుపెట్టిన 'ది బాన్యన్' సంస్థ మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, కోలుకున్న నలుగురైదుగురు ఆడవాళ్లను ఒక ఇంట్లో ఉంచుతోంది. వాళ్లే వండుకుంటారు, పనికి వెళ్తారు, సాయానికి ఒకరు ఉంటారు. మహారాష్ట్రలో కర్జత్ దగ్గర డాక్టర్ భరత్ వట్వానీ నడిపే శ్రద్ధ సంస్థ రోడ్ల మీది రోగులకు వైద్యం చేసి, వాళ్లను రైల్లో సొంత ఊరిదాకా తీసుకెళ్లి అప్పగిస్తుంది. ఆయనకు 2018లో మెగసెసే అవార్డు వచ్చింది కూడా ఈ పనికే. మనకు కావలసింది ఇంకో పెద్ద ఆస్పత్రి భవనం కాదు, ప్రతి జిల్లాలో ఇలాంటి రెండు మూడు అద్దె ఇళ్లు. మీ ఎమ్మెల్యేనో కలెక్టరునో కలిసే అవకాశం వస్తే ఇదే అడగండి. ప్రస్తుతానికి కోలుకున్న ఆడవాళ్లకు మహిళా శిశు సంక్షేమ శాఖ శక్తి సదన్ (ఆదరణ లేని ఆడవాళ్లకు ఆశ్రయమిచ్చే చోటు) ఒక దారి. మీ జిల్లాలో ఉందేమో ఐసీడీఎస్ ఆఫీసులో అడగండి.

ప్రైవేటు ఆశ్రమాల విషయంలో జాగ్రత్త. మంచివాళ్లు ఉన్నారు, సొంత డబ్బు పెట్టి పుండ్లు కడిగేవాళ్లు ఉన్నారు. వాళ్లంటే నాకు గౌరవం. కానీ మానసిక రోగులను చేర్చుకుని వైద్యం, సంరక్షణ ఇచ్చే ఏ సంస్థ అయినా రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ దగ్గర రిజిస్టర్ కావాల్సిందే. మొదటి ప్రశ్నగా ఆ సర్టిఫికెట్ అడగండి. రెండోది, సైకియాట్రిస్టు ఎప్పుడెప్పుడు వస్తారు. మూడోది, రాత్రిపూట తలుపులకు తాళం వేస్తారా, రోగులను కట్టేస్తారా. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న తెల్లవారుజామున మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదల్లేక కాలిపోయారు. అది కూడా 'ఆశ్రయం' ఇచ్చే చోటే. గేటు బయటి నుంచే చూపించి పంపేసే చోట, రోగులను కలవనివ్వని చోట ఆమెను వదలవద్దు.

డిశ్చార్జి రోజు మీరు గానీ మీ స్నేహితులు గానీ ఒకరు ఆస్పత్రిలో ఉండండి. డిశ్చార్జి కార్డులో మందుల పేర్లు, మోతాదు, తర్వాత చూపించుకోవలసిన చోటు, తేదీ స్పష్టంగా ఉన్నాయో లేదో చదవండి. ఎక్కడికి వెళ్తుంది, ఎవరు చూసుకుంటారు అనేది ముందే ఏర్పాటు చేయాలని 98వ సెక్షన్ చెబుతోంది. కనీసం నెల రోజుల మందులు చేతికివ్వమని అడగండి. వేరే రాష్ట్రానికి వెళ్తుంటే, అక్కడ ఏ మందుల షాపులోనైనా అర్థమయ్యేలా కార్డు మీద మందుల పేర్లు ఇంగ్లిషులో ప్రింట్ తీయించండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు ఆమె భాషలోనే మాట్లాడతారు. ఆ నంబరు కుటుంబానికి రాసివ్వండి.

ఇంత చేశాక కూడా కొందరు తిరిగి రోడ్డెక్కుతారు. మందు ఆగిపోతుంది, ఇంట్లో మాట పడదు, ఒక రాత్రి రైలెక్కేస్తారు. అలా జరిగితే చేసిందంతా వృథా అనుకుని వదిలేయకండి. 100వ సెక్షన్ ఎన్నిసార్లయినా వర్తిస్తుంది. ఆమె డిశ్చార్జి కార్డు, ఎఫ్ఐఆర్ నంబరు, తమ్ముడిదో అక్కదో ఫోన్ నంబరు, ఇవన్నీ ఒక కవర్లో పెట్టి మీ దగ్గరొక కాపీ, టీకొట్టులో ఒక కాపీ ఉంచండి. రెండోసారి ఆస్పత్రికి వెళ్లినప్పుడు ఏ మందు పనిచేసిందో డాక్టరుకు తెలిసిపోతుంది, సగం కాలం కలిసొస్తుంది. ముందు అర్జీ రాయండి. సోమవారం ఉదయం డ్యూటీ మారాక ఎస్‌ఐ ఉండే టైము చూసుకుని వెళ్లండి. స్టేషన్‌లో ఏమన్నారో, జనరల్ డైరీ నంబరు ఇచ్చారో లేదో ఇక్కడే రాయండి. ఇవ్వకపోతే న్యాయ సేవాధికార సంస్థకు రాయాల్సిన అర్జీ నేను తయారు చేసి పెడతాను.